ఓటెవరికి వేశానో ఇంట్లో కూడా చెప్పలేదు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది చిత్తూరు దగ్గర పల్లె. పెళ్లయినప్పట్నుంచి తిరుపతిలోనే ఉంటున్నాం. గవర్నమెంటు హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా అపార్టుమెంటులో ఎదురింటావిడా నేనూ పిల్లలు నడక నేర్చినప్పట్నుంచీ అక్కాచెల్లెళ్లలా ఉన్నాం. కులాలు వేరు. అది మా ఇద్దరి మధ్య ఎప్పుడూ మాటల్లోకే రాలేదు. 2021 నవంబరు వానలకు సెల్లారు మునిగి కరెంటు పోయినప్పుడు రెండు కుటుంబాలం ఒకే పొయ్యి మీద వండుకు తిన్నాం.

2024 ఎన్నికలప్పుడు ఒకరోజు మెట్ల మీద ఎదురుపడి, "మీవాళ్లు గెలిస్తే మాకింక బతుకుండదులే" అంది. నవ్వుతూనే అంది గానీ నాకు గుచ్చుకుంది. నిజం చెప్పాలంటే నేను 'మావాళ్ల' పార్టీకి ఓటెయ్యలేదు. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. వాళ్లయితే మొదట్నుంచీ అందరూ ఒకే పార్టీ.

పోలింగ్ అయ్యాక, ఫలితాలు రాకముందే, మా అబ్బాయి అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో వాళ్లను ఎగతాళి చేస్తూ ఒక ఫొటో పెట్టాడు. వాళ్లాయన ఘాటుగా బదులిచ్చాడు. ప్రెసిడెంటు గ్రూపులో అందరి నోళ్లూ మూయించి అడ్మిన్లు మాత్రమే రాసేట్టు చేశాడు. ఇక అంతే, రెండిళ్లకూ మాటల్లేవు. ఈసారి గంగమ్మ జాతరకు అంబలి కూడా ఇచ్చిపుచ్చుకోలేదు. అసోసియేషన్ మీటింగుల్లోనూ అదే వరస. ట్యాంకర్ల లెక్క రాసేవాళ్లు లేక వేసవంతా గొడవే.

మావాడిప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడు. మొదటి ఏడు కార్తీకంలో మా కులసంఘం వనభోజనాలకు వెళ్లొచ్చాడు. అప్పట్నుంచి నోరు తెరిస్తే 'మనోళ్లు'. ఈ ఏడు వలంటీరుగా పేరిచ్చాడట. వాడు పెట్టిన ఫొటో తప్పని నాకు తెలుసు. కానీ దాన్ని చూడగానే లోపలెక్కడో నాకు కాస్త హాయిగా అనిపించింది మేడమ్. అదే నన్ను తినేస్తోంది. మనుషులు మొదట్నుంచీ ఇంతేనా, రాజకీయాలు ఇట్లా చేశాయా? వాణ్ణెలా దారికి తేవాలి? ఆమెతో మళ్లీ ఎలా మాట్లాడాలి?

– ఒక టీచరు, తిరుపతి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో కులం పేరూ లేదు, పార్టీ పేరూ లేదు. అయినా ఇది చదివేవాళ్లలో సగంమంది ఈపాటికి "టీచరమ్మ ఏమోళ్లు? ఎదురింటామె ఏమోళ్లు?" అని లెక్కలు కట్టేసుంటారు. ఇంటిపేరైనా రాసుంటే బాగుండునని అనుకునుంటారు. అది తెలిసిందా, తప్పెవరిదో ఉత్తరం సగంలోనే తేల్చేస్తారు. మనుషులు మొదట్నుంచీ ఇంతేనా అని అడిగారు కదా. ఇంతే అనడానికి గట్టి సాక్ష్యమే ఉంది.

1970 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో హెన్రీ తాజ్‌ఫెల్ అనే ప్రొఫెసరు ఒకే బడిలో చదివే 14, 15 ఏళ్ల మగపిల్లల్ని 64 మందిని పిలిపించాడు. తెర మీద చుక్కలు గబుక్కున చూపించి ఎన్నున్నాయో చెప్పమన్నారు. ఎక్కువ చెప్పేవాళ్లొక జట్టు, తక్కువ చెప్పేవాళ్లొక జట్టు అని విడదీశారు. ఆ విడదీయడం కూడా ఉత్తుత్తిదే, ఎవరిని పడితే వాళ్లను ఎటు పడితే అటు వేశారు. తన జట్టులో ఎవరెవరున్నారో ఏ పిల్లవాడికీ తెలియదు. తర్వాత ఒక్కొక్కణ్ణే కూర్చోబెట్టి, పేరు లేకుండా నంబరు మాత్రమే ఉన్న ఇద్దరికి డబ్బులు పంచమన్నారు. తనకంటూ పైసా తీసుకోవడానికి లేదు. అయినా ఎక్కువమంది తమ జట్టువాడికే మొగ్గారు. ఇంకో విడతలో, క్లే, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మల్లో ఎవరికేవి నచ్చాయో దాన్నిబట్టి జట్లు కట్టామని చెప్పారు. అక్కడ ఇంకో వింత బయటపడింది. తమవాడికి ఎక్కువ దక్కే లెక్క కళ్లెదురుగా ఉన్నా దాన్ని వదులుకుని, అవతలివాడికన్నా తమవాడు పైనుండే లెక్కను ఎంచుకున్నారు. వచ్చేది తగ్గినా పర్లేదు, తేడా మాత్రం ఉండాలి.

ఆ పిల్లల మధ్య పాత పగలు లేవు, పొలం గట్టు తగాదాలు లేవు, ఎన్నికలు అసలే లేవు. ఉన్నదల్లా చుక్కలు, బొమ్మలు. కొడుకు పెట్టిన ఫొటో చూసి మీకు కలిగిన హాయి ఈ జాతిదే. దాన్ని పాపంగా మోయకండి. అలాగని సమర్థించుకోనూ వద్దు. లెక్కల టీచరు కాబట్టి మీకు తేలిగ్గా తెలుస్తుంది: ఆ ఫొటో వల్ల మీ ఇంటికొచ్చిన లాభం సున్నా, పోయింది ఎదురిల్లు. అయినా మనసు 'మనమే పైన' అని మార్కులు వేసేసుకుంది. దాన్ని పసిగట్టారు, దాచకుండా రాశారు. చాలామంది ఆ హాయికే న్యాయమని పేరు పెట్టుకుని బతికేస్తారు.

తాజ్‌ఫెల్ గురించి ఇంకో ముక్క. ఆయన పోలండ్‌లో పుట్టిన యూదుడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో ఉండి జర్మన్లకు చిక్కాడు. పోలండ్ వాడన్న సంగతి బయటపడకుండా ఫ్రెంచి పౌరుడిగా నెట్టుకొచ్చి ఖైదీల శిబిరాల్లోంచి ప్రాణాలతో బయటపడ్డాడు. తిరిగొచ్చేసరికి కుటుంబంలో దాదాపు ఎవరూ మిగల్లేదు. మంచివాడా చెడ్డవాడా అన్నది అక్కడ లెక్కలోకే రాలేదు, ఏ జట్టువాడన్నదే ప్రాణం నిలబెట్టింది. అలాంటి మనిషి చుక్కలతో పరీక్ష పెట్టాడంటే సరదాకి పెట్టలేదు.

అయితే కులాన్ని చుక్కల జట్లతో సమానం చేస్తే అంబేడ్కర్ ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. చుక్కల జట్లు పక్కపక్కన ఉంటాయి. కులాలు నిచ్చెనమెట్ల మీద ఉంటాయి. కారంచేడు (1985), చుండూరు (1991)లలో దళితుల ఊచకోత జరిగింది మన తెలుగునేల మీదే. మీ రెండిళ్లలో ఏది ఏ మెట్టు మీదుందో మీరు రాయలేదు. మీరు పై మెట్టు, ఆమె బాగా కింది మెట్టు అయితే, "మాకింక బతుకుండదులే" అన్నది ఎత్తిపొడుపు కాకపోవచ్చు, భయం కావచ్చు. నవ్వుతూ అంది అన్నారు. భయాన్ని మన ఆడవాళ్లం ఎక్కువగా నవ్వుతూనే చెప్తాం. ఒకే మెట్టు మీద పక్కపక్కన ఉన్న రెండు కులాలైతే, పదవుల కోసం పోటీపడే పెద్దల తగాదా మీ మెట్లమీదికి దిగొచ్చిందనుకోవాలి. ఈ రెంటిలో ఏదో మీకే తెలుస్తుంది. ఆమె దగ్గరికి వెళ్లేముందు అది తేల్చుకోండి, ఎందుకంటే మొదటిదైతే మొదటి అడుగు మీరే వెయ్యాలి, ఆమె వేస్తుందని ఎదురుచూడకూడదు.

ఇక రాజకీయం. గుంపు కట్టే బుద్ధి మనిషిలో ముందే ఉంది. ఏ గీత దగ్గర గుంపు కట్టాలో చెప్పేది మాత్రం రాజకీయమే. మన జిల్లానే చూడండి. 1950లలో ఇక్కడ భగ్గుమన్నది భాష గీత. అటువైపు తమిళ నాయకుడు మా.పొ. శివజ్ఞానం ఉత్తర సరిహద్దు పోరాటం నడిపి, వేంగడమే (మన తిరుమల కొండే) తమిళనేలకు ఎల్ల, తిరుపతి మాది అన్నారు. ఇటువైపు మనం 'మద్రాసు మనదే' అన్నాం. సరిహద్దు తగువు తీర్చడానికి వచ్చిన పటాస్కర్ సిఫార్సుల మీద 1959లో చట్టం వచ్చి, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా అటు పోయింది, చెంగల్పట్టు, సేలం జిల్లాల్లోని కొన్ని ఊళ్లు ఇటొచ్చాయి. ఆనాడు అంత గొడవ నడిచిన దారుల్లో ఇప్పుడు జనం మామిడికాయల బేరం రెండు భాషల్లోనూ చేస్తున్నారు. నగరి, పుత్తూరు వైపు ఇంట్లో అరవం, వీధిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. ఎవరికి టికెట్ ఇవ్వాలని పార్టీ ఆఫీసులో లెక్కలు వేసేటప్పుడు ముందు అడిగేది ఇంట్లో ఏ భాష అని కాదు.

ఇలాంటిదే ఆఫ్రికాలో డేనియల్ పోస్నర్ అనే ఆయన గమనించి 2004లో రాశాడు. చేవా, తుంబుకా అని రెండు తెగలు. తెల్లదొరలు గీసిన సరిహద్దుకు అటు మలావీలోనూ ఇటు జాంబియాలోనూ ఆ రెండు తెగలవాళ్లూ ఉన్నారు. భాషలు అవే, ఆచారాలు అవే. జాంబియాలో అన్నదమ్ముల్లా ఉంటారు. మలావీలో పడదు, పిల్లనివ్వడానికీ ఓటెయ్యడానికీ వెనకాడతారు. కారణమేమిటంటే, మలావీ చిన్న దేశం, అక్కడ ఒక్కో తెగ ఓట్లు గద్దెనెక్కించడానికి పనికొచ్చేంత ఉన్నాయి. జాంబియాలో విడివిడిగా ఏ మూలకూ చాలవు. తేడా పాతదే, దానికి ఓట్ల ధర పలికిన చోట పగ అయింది. మెట్ల మీద ఆమె అన్న మాటకు ముందు కొన్ని నెలలపాటు మీ రెండిళ్ల ఫోన్లలోకి ఏమేం వచ్చి పడ్డాయో గుర్తుచేసుకోండి. పోలింగు తర్వాత మన జిల్లాలో జరిగిన గొడవలకు ఎన్నికల సంఘం ఏకంగా ఎస్పీనే బదిలీ చెయ్యాల్సొచ్చింది. ఆ వేడిలో ఒక అపార్టుమెంటు గ్రూపు మూతపడటం పెద్ద వింతేం కాదు.

ఇప్పుడు మీ ఉత్తరంలోనే ఉన్న ఒక మాట పట్టుకుంటాను, ఏమనుకోకండి. "నేను మావాళ్ల పార్టీకి ఓటెయ్యలేదు" అని రాసి, వెంటనే "వాళ్లయితే మొదట్నుంచీ అందరూ ఒకే పార్టీ" అని రాశారు. మీ కులంలో మీలాంటివాళ్లు ఉండొచ్చు, ఆమె కులంలో ఉండకూడదా? ఆమె ఓటు మీకెలా తెలుసు? మీ ఓటు ఆమెకు తెలియనట్టే కదా! 1980లో అమెరికాలో ప్రిన్స్‌టన్, రట్గర్స్ యూనివర్సిటీల పిల్లలకు ఒక విద్యార్థి చిన్న ఎంపిక చేసుకోవడం వీడియోలో చూపించారు. వాడు అవతలి యూనివర్సిటీ వాడని చెప్తే, ఆ ఒక్కణ్ణి చూసి అక్కడివాళ్లంతా అంతేనన్నారు. సొంత యూనివర్సిటీ వాడంటే మాత్రం అంత తేలిగ్గా అనలేదు, మాలో రకరకాలవాళ్లున్నారుగా అన్నారు. మీరూ ఆమే చేసింది సరిగ్గా ఇదే. మెట్ల మీద ఆమె మిమ్మల్ని ఒక ముద్దలో కలిపేసింది, ఉత్తరంలో మీరు ఆమెను ఇంకో ముద్దలో కలిపేశారు.

అందుకే అబ్బాయి విషయంలో నా మొదటి సలహా ఉపన్యాసం కాదు. 'కులాలన్నీ ఒకటే నాయనా' అని మొదలుపెడితే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాడు. మీ ఓటు సంగతి వాడికి చెప్పండి. ఒక రాత్రి అన్నం తినేటప్పుడు, మీ ఆయన కూడా ఉన్నప్పుడే, "నేను మనోళ్లకు వెయ్యలేదురా, ఫలానా కారణంతో వాళ్లకేశాను" అనండి. పార్టీని తిట్టొద్దు, కారణం చెప్పండి, ఆపెయ్యండి. 'మనోళ్లంతా ఒకటి' అని సంఘం స్టేజీ మీంచి వాడు విన్న మాట, కన్నతల్లి దగ్గరే అబద్ధమని తేలుతుంది. అవతలివాళ్లు మంచివాళ్లని వందసార్లు చెప్పినా అంత పని జరగదు. ఓటు రహస్యమే, కాదనను. దాచుకునే హక్కు మీకుంది. కానీ మీ ఇంట్లో మీరు దాచింది ఓటుతో ఆగలేదు, మీరు ఆ ముద్దలో కలవరన్న సంగతే దాచారు. బహుశా ఆయనదీ ఇలాంటిదే ఒకటి బయటపడుతుంది. పడితే ఆశ్చర్యపోకండి, కోప్పడకండి.

వాడు వనభోజనాల్లో ఏం చూసుంటాడో చెప్పమంటారా? ఎవరి కులం వనభోజనాలైనా ఒకటే తంతు కాబట్టి చెప్పగలను. చంద్రగిరి వైపు ఏదో మామిడితోట, షామియానా, ఎంట్రన్సులో నిలువెత్తు ఫ్లెక్సీలు. ఉసిరిచెట్టు కింద తినాలి కనుక ఎక్కణ్ణుంచో కొమ్మ నరికి తెచ్చి మధ్యలో పాతుతారు. పులిహోర, ఓళిగలు, ఉర్లగడ్డ తాళింపు. పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన పిల్లలకు మెమెంటోలు. ఒక మూల బల్ల మీద పెళ్లిసంబంధాల రిజిస్టరు. మూడింటికి ఎమ్మెల్యే వచ్చి మైకు పట్టుకుంటాడు. కాలేజీలో చేరి మూడు నెలలైనా కానివాడికి అక్కడొక సీనియర్ భుజం మీద చెయ్యేసి, "మనోడే, ఏం కావాల్నన్నా నాకు ఫోన్ చెయ్ అబ్బా" అనుంటాడు. ఇంటర్న్‌షిప్ ఎవరిప్పిస్తారో, బెంగుళూరులో రూము ఎవరి దగ్గర దొరుకుతుందో అక్కడే తెలిసుంటుంది. వాడు అక్కడికి పగ కోసం పోలేదమ్మా. దిక్కు కోసం పోయాడు.

మనవాళ్ల మీద ప్రేమ వేరు, అవతలివాళ్ల మీద ద్వేషం వేరు, మొదటిది ఉంటే రెండోది ఉండి తీరాలనేం లేదు అని మెరిలిన్ బ్రూయర్ అనే శాస్త్రవేత్త 1999లో ఓపిగ్గా వివరించింది. అయితే ఆమే ఇంకో సంగతీ చెప్పింది. ద్వేషమంటూ లేకుండా, ఒట్టి ప్రేమతోనే బోలెడు అన్యాయం జరిగిపోతుంది. తిరుపతిలో టులెట్ బోర్డు చూసి ఫోన్ చేసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అవతలి గొంతు అద్దె చెప్పకముందే "మీరేమోళ్లు?" అంటుంది. ఆ ఇంటాయనకు ఎవరి మీదా కక్షుండదు, 'మనవాళ్లకిస్తే నిశ్చింత' అంతే. కానీ ఫోన్ చేసినవాడికి ఇల్లు దొరకదు. మీవాడితో మాట్లాడాల్సింది ఇలాంటి వాటి గురించి. "నీకు సీనియర్ సాయం చేశాడు, మంచిదే. మీ క్లాసులో అలాంటి సీనియర్ లేనివాడు ఎవరు? వాడికెవరు చెప్తారు?" ఇది ప్రశ్నగా అడిగి వదిలెయ్యండి. జవాబు అప్పటికప్పుడు రాదు.

ఫొటో విషయం మాత్రం వేరు. అక్కడ ఓపిక పనికిరాదు. వాడే వాళ్ల తలుపు కొట్టి, ఆయన ముందు నిలబడి, "అంకుల్, నేను పెట్టింది తప్పు" అని చెప్పాలి. మీరు వెనక నిలబడకూడదు, వాడి తరఫున మీరు చెప్పనూ కూడదు. 'కానీ మీరు కూడా' అనే ముక్క కలపకుండా చెప్పమనండి. ఇప్పటికే ఏడాది ఆలస్యమైంది. గ్రూపు మళ్లీ తెరిస్తే అందులో కూడా ఒక లైను రాయాలి, తిట్టింది నలుగురిలో కదా. పెద్దల్నీ సంఘం నాయకుల్నీ మధ్యవర్తులుగా పిలవకండి. వాళ్లొస్తే రెండిళ్ల తగాదా రెండు కులాల తగాదా అయి కూర్చుంటుంది.

ఇప్పుడు ఎదురింటావిడ. ఇన్నేళ్లు ఇరుగూ పొరుగూ, గిన్నెలు మార్చుకున్నాం, ఒకే పొయ్యి మీద వండుకున్నాం, ఇంత త్వరగా ఎలా తెగిపోయిందని మీ బాధ. 1954లో, మన ఎస్వీ యూనివర్సిటీ పుట్టిన ఏడే, అమెరికాలోని ఒక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ అనే ఆయన 22 మంది పదకొండు, పన్నెండేళ్ల మగపిల్లల్ని వేసవి శిబిరానికి తీసుకెళ్లి రెండు జట్లు చేశాడు. పోటీలు పెట్టేసరికి జెండాలు తగలబెట్టుకుని, ఒకరి గదుల మీద ఒకరు పడ్డారు. సయోధ్య కుదుర్చుదామని ఒకేచోట భోజనం పెట్టిస్తే పళ్లాల్లోవి విసురుకున్నారు. పక్కపక్కన కూర్చోబెడితే సర్దుకుంటారనుకోవడం ఒట్టి భ్రమ. అప్పుడు శిబిరానికి నీళ్లు ఆగిపోయేట్టు చేశారు. రెండు జట్లూ కలిసి వెతికితే గానీ పని కాలేదు. మీ సెల్లారు కథే. అయితే ఆ పిల్లలు నీళ్లొచ్చిన కాసేపటికే మళ్లీ తిట్టుకోవడం మొదలెట్టారు! ఇంకో పని, ఆ తర్వాత ఇంకో పని, అలా వరసగా కలిసి చేశాకే మెత్తబడి, చివరికి ఒకే బస్సులో ఇంటికి పోదామన్నారు. 2021 నవంబరు వాన మిమ్మల్ని ఒక్కసారి కలిపింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి మోయాల్సిన బరువేదీ రాలేదు, వచ్చింది ఎన్నికలే.

జాతర సంగతీ ఇంతే. ఆ వారం తిరుపతంతా ఒక్కటే అని రాసుకుంటాం. ఎవరు వేషం కట్టాలో, ఎవరు ఏ పని చెయ్యాలో కులాన్ని బట్టి తరాల కిందటే తీర్మానమైపోయింది. కలిసి ఉన్నారు, నిజమే. సరిసమానంగా ఒకే పని చేస్తున్నారా అంటే, లేదు. మాథ్యూ లోవ్ అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 1,261 మంది కుర్రాళ్లతో చేసిన అధ్యయనం 2021లో అచ్చయింది. కొందరికి నెలరోజుల క్రికెట్ లీగులు పెట్టాడు. వేరే కులాలవాళ్లతో ఒకే టీములో ఆడినవాళ్లకు ఆ కులాల్లో స్నేహాలు పెరిగాయి, ఆటలో బహుమతి ఎవరికివ్వాలో ఓటేసేటప్పుడు సొంత కులంవాడికే మొగ్గే గుణం తగ్గింది. వేరే కులంవాళ్లతో ఎదుటి టీముగా ఆడినవాళ్లలో చాలావరకు దీనికి తలకిందులు. అదే మైదానం, అదే ఆట, అదే మనుషులు.

కాబట్టి "ఆరోజు నువ్వట్లా ఎందుకన్నావ్?" అని మొదలుపెట్టకండి. అది ఎదుటి టీము మాట. మీ దగ్గర ట్యాంకర్ల లెక్క ఉందిగా! వచ్చే మీటింగులో లేచి, ఈ లెక్క నేను రాస్తాను, కానీ ఒక్కదాన్నే రాయను, ఎదురింటి మేడమ్ కూడా ఉంటేనే రాస్తానని చెప్పండి. ఏ ట్యాంకరు ఎప్పుడొచ్చింది, ఎన్ని వేల లీటర్లు, ఎవరు సంతకం పెట్టారు, ఏ ఫ్లాటు బాకీ. ఇద్దరి సంతకాలూ ఉంటేనే డబ్బు కదలాలి. రెండిళ్ల సంతకాలూ ఉన్న లెక్కను 'వాళ్లు తినేశారు' అని ఎవరూ అనలేరు, అసోసియేషన్‌కూ అదే కావాలి. రెండు మూడు నెలలు ఆ పుస్తకం మీ రెండిళ్ల మధ్య తిరగనివ్వండి. మాటలు లెక్కలతో మొదలై వాటంతటవే ముందుకు పోతాయి. అప్పుడు, తొందరేం లేదు, మీ ఓటు సంగతి ఆమెకూ చెప్పొచ్చు. ఆమె ఓటెవరికో మాత్రం అడగొద్దు.

రానంటే? అనొచ్చు. ఇంకొక్కసారి అడగండి, మూడోసారి అడిగి ఆమెను ఇరుకున పెట్టకండి. పుస్తకం మీరు రాసి, ప్రతినెలా సరిచూడమని ఆమె ఇంటికి పంపండి. మీవాడి చేతే పంపండి.

వనభోజనాల వలంటీరు పనికి అడ్డుచెప్పకండి. ఆపితే అదొక్కటే వాడి జెండా అవుతుంది. వడ్డించనివ్వండి, నేర్చుకుంటాడు. ఆ బల్ల మీది రిజిస్టర్లో మాత్రం వాడి పేరు రాయించకండి. పందొమ్మిదేళ్లకే ఆ తొందరేమిటి?